బందరు కోట ముట్టడి యాత్ర: తప్పకుండా వెళ్లండి, పాత చెప్పులతో వెళ్లండి

చెప్పేవాళ్లు లేకుండా బందరు కోటకు వెళితే కనబడేది కొన్ని శిథిల కట్టడాలు, తుమ్మపొదలు, చవిటి నేల. 1759లో ఇంగ్లీషువాళ్లు ముట్టడించాక తెలుగు తీరం ఫ్రెంచివాళ్ల చేజారింది ఇక్కడే. ఆ సంగతి నేల మీద నిలబెట్టి చెప్పడానికి ఊళ్లో ఒక రిటైరైన చరిత్ర మాస్టారు సగం రోజు యాత్ర నడుపుతున్నారు. పొద్దున్నే మొదలై మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోతుంది. మనిషికి 600 రూపాయలు, ఆటో ఖర్చు అందులోనే. మా నాన్నగారు, నేను వెళ్లొచ్చాం. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గిన ఆ ఒకటి ఎందుకో కింద చెబుతాను.

మాది బొబ్బిలి. మా ఇళ్లల్లో ఈ కథ 1757 జనవరి 24న కోట కాలిపోవడంతో మొదలై, తాండ్ర పాపారాయుడు విజయనగరం విజయరామరాజు డేరాలో దూరి అతన్ని పొడవడంతో ముగుస్తుంది. ఆ తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ ఏమయ్యాడు, విజయనగరం ఏం చేసింది అని చిన్నప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేదు. మాస్టారు సరిగ్గా అక్కడే అందుకున్నారు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు, బుస్సీని ఫ్రెంచి సేనాధిపతి లాలీ దక్షిణానికి పిలిపించుకోగానే ఫ్రెంచివాళ్ల మీద తిరగబడ్డాడు. విశాఖపట్నం లాక్కుని, మీరొస్తే ఇస్తానని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లకు లాలీ భయం, రామన్నారు. కలకత్తా నుంచి క్లైవు మాత్రం కర్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు, సుమారు 500 మంది తెల్లసైనికులతో, 2000 మంది సిపాయిలతో. బొబ్బిలి మీదికి ఫ్రెంచి ఫిరంగుల్ని తెచ్చిన సంస్థానమే రెండేళ్లు తిరక్కుండా ఫ్రెంచి వాళ్ల మీదికి ఇంగ్లీషు ఫిరంగుల్ని తెచ్చిందన్నమాట. నాన్నగారు ఆటోలోనే, “ఈ సంగతి మాకు బుర్రకథలో ఎందుకు చెప్పలేదండీ?” అని గట్టిగా అడిగేశారు.

ముందు పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం వీధుల్లో ఆటోలోనే ఒక చుట్టు తిప్పుతారు. ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి మూడు జాతుల వర్తకులూ ఒక్క రేవు కోసం ఎంత దగ్గర దగ్గరగా కూర్చున్నారో అర్థం కావడానికి అది చాలు. పరాసుపేటలో ఫ్రెంచివాళ్ల హక్కు నామమాత్రంగానైనా 1947 దాకా ఉందని అప్పుడే తెలిసింది.

అసలు యాత్ర కోట దగ్గర. కోట చుట్టూ ఒకప్పుడు ఉన్నది బురద. గోడ ఎక్కడెక్కడ పోయిందో మాస్టారు కర్రతో గీతలు గీసి, మమ్మల్ని ఫోర్డు వైపు నిలబెట్టారు. అతను మార్చి మొదటి వారంలో వచ్చి, ఇసుక దిబ్బల మీద ఫిరంగులు పెట్టి కొడుతున్నాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు చేతిలో ఓడిపోయి ఇక్కడికి వచ్చి దాక్కున్నవాడు. కానీ బయట ఉన్నవాళ్లకన్నా లోపలి వాళ్లే ఎక్కువ. హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకు సాయంగా సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి ఓడలు దారిలో ఉన్నాయి. ఏప్రిల్ 7 నాటికి ఫోర్డు దగ్గర మందుగుండు నిండుకుంది. వెనక్కి పోదామంటే దారి లేదు.

అప్పుడు మాస్టారు, “అమ్మా, కాస్త పక్కకు దిగండి” అని నన్ను మెత్తటి నేల మీదికి దింపారు. కాలు చీలమండ దాకా దిగబడింది. ఇంగ్లీషువాళ్లు దాడికి అర్ధరాత్రిని ఎంచుకోవడానికి కారణం అదే. ఆ రాత్రి ఆ వేళకు సముద్రం బాగా వెనక్కి తగ్గి బురదలో నీళ్లు తక్కువగా ఉంటాయని. కెప్టెన్ నాక్స్ కొందరు సిపాయిలతో, ఎవరూ దాటలేరని ఫ్రెంచివాళ్లు వదిలేసిన వైపు నుంచి ఆ బురదలో పడి వెళ్లి కాల్పులు మొదలుపెట్టాడు. ఆనందరాజు మనుషులు దారి వైపు ద్వారం దగ్గర గోల చేశారు. కాన్‌ఫ్లాన్స్ ఎటు పరుగెత్తాలో తేల్చుకునేలోపు అసలు దాడి ఈశాన్యం బురుజుల మీద పడింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుకున్నవాళ్ల కన్నా పట్టుబడ్డవాళ్లే ఎక్కువ మంది. వారం తిరిగేసరికి ఫ్రెంచి ఓడలు వచ్చాయి, కోట మీద ఎగురుతున్న జెండా చూసి వెళ్లిపోయాయి. ఆ బురద కాలికి తగలకుండా ఈ కథ ఎన్నిసార్లు విన్నా ఒంటికి పట్టదు. ఈ యాత్రకు నేను పెట్టిన డబ్బు ఆ పదినిమిషాలకే వసూలైంది.

నాకు అంతకన్నా నచ్చింది, మాస్టారు డబ్బు లెక్క దాచకుండా చెప్పడం. చందుర్తి గెలిచాక ఫోర్డు వెంటనే బందరు మీదికి రాలేకపోయాడు. సైన్యం ఖర్చు భరిస్తానన్న ఆనందరాజు సొమ్ము ఇవ్వకుండా నాన్చాడు, వారాల తరబడి కాలం వృథా అయింది. ముట్టడి మధ్యలో తెల్లసైనికులు జీతాలు లేవని ఎదురు తిరిగితే, కోట పడ్డాక దొరికే సొత్తు ఆశ చూపించి ఫోర్డు నిలబెట్టాడు. అటు ఫ్రెంచివాళ్లకు ఈ సర్కారు జిల్లాలు 1753లో దక్కిందీ సైన్యం జీతాల కిందే. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా రైతు కట్టిన శిస్తుతో ఇద్దరూ కొట్టుకున్నారని ఆయన ఆవేశం లేకుండా, అంకెలు చెప్పినట్టు చెప్పారు. మే 14న సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చి, ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో ఉండనివ్వనని ఒప్పుకున్నాడు. తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు మీదికి వస్తుంటే ఇంగ్లీషువాళ్ల అండ కావలసి వచ్చింది అతనికి.

ఇక తగ్గించిన ఒక మార్కు. బురదలో దిగిన సిపాయిల గురించి రెండు ముక్కలే చెప్పారు. ఆ దాడిలో తెల్లవాళ్లకన్నా సిపాయిలే ఎక్కువ మంది చనిపోయారు. చందుర్తిలో కూడా ఎర్ర అంగీలు చూసి వాళ్లనే ఇంగ్లీషు పటాలమనుకుని ఫ్రెంచివాళ్లు ముందు వాళ్ల మీదే పడ్డారు. అసలు తెల్లవాళ్లు పక్కనే ఎత్తుగా ఎదిగిన చేను వెనక ఉన్నారు. బెంగాలు నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు, ఇటు ఫ్రెంచివాళ్ల కొలువులో మనవాళ్లు. వాళ్లకు ఒక అరగంట ఇవ్వాల్సింది. దానికి బదులు డచ్చి సమాధుల దగ్గర చాలాసేపు ఆపారు. రాతి చెక్కడాలు అందంగా ఉన్నాయి, కాదనను. కానీ అవి అంతకుముందు శతాబ్దపు కథ. చేతికిచ్చే పటం కూడా మార్చాలి. ఉత్తరం ఎటో అందులో లేదు, అక్షరాలు నాన్నగారి కళ్లకు ఆనలేదు.

కోటలో నీడ తక్కువ, మంచినీళ్లు దొరకవు, మరుగుదొడ్డి లేదు. పెద్దవాళ్లను తీసుకెళితే ఆ ఏర్పాటు ఊళ్లోనే చూసుకుని బయల్దేరండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బురద దగ్గర గట్టు మీదే ఉండొచ్చు, మాస్టారు ఒత్తిడి పెట్టరు. వానాకాలం వద్దు. డిసెంబరు, జనవరిలో అయితే ఎండ బాధ ఉండదు. ముందురోజే ఫోన్ చేసి, సముద్రం వెనక్కి తగ్గే వేళకు కోట దగ్గర ఉండేలా చూడమని అడగండి. అడిగితే బయల్దేరే సమయం మారుస్తారు.