90 డిగ్రీల వీ బిట్ అని సానపట్టిన పాత సరుకు అంటగడుతున్నారు, వైజాగ్ వాళ్లు జాగ్రత్త

ఇంట్లో చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్) పెట్టుకుని చెక్కపని చేసుకునేవాళ్లంతా ఇది చదవండి, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి బిట్లు (ఆ మెషిన్‌కి బిగించే కోత పనిముట్లు) కొనేవాళ్లు. షాపు పేరు రాయను. రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మ, దాని కిందే బిట్ల రేట్లు పంపే గ్రూపు అంటే సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మా పెద్దక్క గాజువాకలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి దేవుడి మందిరం నేనే చేసిస్తానన్నాను. 12 మి.మీ. టేకు ప్లై, పొరలు బయటికి కనపడకూడదని మూలలన్నీ 45 డిగ్రీల కటింగ్. దానికి 90 డిగ్రీల వీ బిట్ (వీ ఆకారంలో గాడి కోసేది, పక్కకి 45 చొప్పున మొత్తం 90), పావు అంగుళం షాంక్ (మెషిన్‌లో బిగించే కాడ), 32 మి.మీ. వెడల్పుది కావాలని అడిగితే "ప్యూర్ 90 సార్, కొత్త సరుకు, కార్బైడ్" అని షాపాయన మెసేజ్ పెట్టాడు. కార్బైడ్ అంటే కోసే అంచుకి వేసే గట్టి పదార్థం. 1,150 రూపాయలు. బిల్లు అడిగితే జీఎస్టీ కలుస్తుంది సార్, మీకే నష్టం అన్నాడు. నా లాభం కోసం ఆయన అంత తాపత్రయపడుతుంటే కాదనడం ఎందుకని యూపీఐలో కొట్టేశాను. తెలివితేటలు నా దగ్గర మరీ ఎక్కువైపోయాయి.

ఒక్కో పాస్‌కి (ఒక్కసారి కోతకి) 2 మి.మీ. చొప్పున దింపుకుంటూ ఓపిగ్గా కోశాను. ముక్కలు జోడించి మూలమట్టం పెట్టి చూస్తే లోపలి మూల చక్కగా కలిసింది, బయటి అంచు మాత్రం నోరు తెరుచుకుని ఉంది. మన ఏటీఎం కార్డు ఆ సందులో హాయిగా దూరుతోంది. జనం చూసేది ఆ బయటి అంచునే కదా! కోసిన గాడికి యాంగిల్ గేజ్ (కోణం కొలిచేది) పెడితే 86 చూపించింది. అంటే ఒక్కో పక్కకి 45 బదులు 43. వినడానికి రెండు డిగ్రీలే, కానీ రెండు పలకలు కలిసేసరికి నాలుగవుతుంది, 12 మి.మీ. మందం మీద బయటివైపు మిల్లీమీటరు పైనే సందు వస్తుంది. సగం షీటు టేకు ప్లై పోయింది.

సరే, మనిషన్నాక పొరపాటు జరుగుతుంది, మార్చి ఇస్తాడులే అని బిట్టూ, ముక్కలూ, గేజీ పట్టుకుని షాపుకి వెళ్లాను. ముందు కూర్చోమని కూడా అనలేదు. ముక్కలు చేత్తో అటూ ఇటూ తిప్పి "మీ స్పిండిల్ వంగింది గురువుగారూ" అన్నాడు. స్పిండిల్ (బిట్‌ని తిప్పే భాగం) వంగితే ఒక పక్క 43 వస్తే రెండో పక్క 47 వస్తుంది, మొత్తం 90కి 90 ఉంటుంది, రెండు పక్కలా 43 ఎలా వస్తుందండీ అన్నాను. దానికి జవాబు లేదు. వెంటనే "వైజాగ్ గాలి కదా, చెక్క ఉబ్బుద్ది" అన్నాడు. సముద్రం కూడా పాపం ఈయన బిట్లకి బాధ్యత వహించాలి! సరే, మీ మెషిన్ మీదే ఒక గీత కొట్టి చూద్దాం, ఇక్కడే తేలిపోతుంది అంటే "డెమోలు ఉండవు" అన్నాడు, పక్కనే మెషిన్ మీద ఎవరిదో నేమ్‌ప్లేట్ చెక్కుతున్నారు.

అసలు కథ ఇప్పుడు. అక్కడ పనిచేసే కుర్రాడు, పాపం ఏమీ తెలియని వాడు, నా చేతిలో బిట్ చూసి "అన్నా, అది మొన్న సాన పట్టించిన లాట్‌లోది కదా" అనేశాడు. షాపంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఓనరు వాణ్ణి చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపుకే కుర్రాడు టీ తెస్తానని బయటికి పోయాడు. నేను గోరుతో బిట్ మీద ఎర్ర రంగు గీకాను. పొరలా ఊడొచ్చింది. కింద నల్లగా మాడిన పాత జిగురు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే రెండు కార్బైడ్ రెక్కల్లో (కోసే అంచుల్లో) ఒకటి మొన దాకా ఉంది, రెండోది అంతకంటే ముందే ఆగిపోయింది. ఎవరో చేత్తో రాయి మీద రుద్దేశారు, అందుకే కోణం మారింది. ఎవరి బోర్డుల షాపులోనో అరిగిపోయిన బిట్‌కి రంగేసి కొత్తదని నా చేతిలో పెట్టారు.

ఇది కొత్తదన్నారు కదా అంటే ఏమాత్రం తడుముకోకుండా ఏమన్నాడో తెలుసా? "సాన పట్టిస్తే ఏటి గురువుగారూ, కొత్తదానికంటే పదును. ఇంట్లో ఆడుకునే మెషిన్‌కి ఇన్ని డిగ్రీల లెక్కలెందుకు, ఆ సందులో లప్పం పెట్టి పాలిష్ కొట్టేయండి, దేవుడేం చూస్తాడా." పక్కన ఇంకో కస్టమర్ నవ్వాడు కూడా. బిట్ సంగతి వదిలేయండి, ఆ "ఆడుకునే మెషిన్" అన్న మాట ఇప్పటికీ ఒళ్లు మండిస్తోంది. ఆడుకునేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకునేటప్పుడు మాత్రం అవి బొమ్మ నోట్లు కావని గుర్తుంటుంది కాబోలు. ఇంటికొస్తూ ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపే నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

పాత సరుకుని కొత్తదని అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతులే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడుతున్నాను. ఆయన స్వహస్తాలతో పంపిన "కొత్త సరుకు" మెసేజ్, యూపీఐ రసీదు, ఊడిన రంగు ఫొటోలు ఉన్నాయి. గ్రూపులోంచి తీసేస్తే పాత మెసేజ్‌లు నా ఫోన్‌లోంచి పోతాయనుకున్నాడేమో.

కొనేవాళ్లు బిల్లు తీసుకోండి, 18 శాతం జీఎస్టీ పోతే పోయింది. బిట్ రాగానే ఖరీదైన చెక్క జోలికి పోకుండా పాత ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన చవక పలక) ముక్క మీద 3 మి.మీ. లోతున ఒక గీత, 6 మి.మీ. లోతున ఇంకో గీత కొట్టి వెడల్పులు కొలవండి. నిజంగా 90 అయితే రెండింటికీ తేడా 6 మి.మీ. ఉండాలి. ఒక్క గీతే కొలిస్తే మొన అరిగి చదునైనా వెడల్పు ఎక్కువ వచ్చి మోసపోతాం, తేడా తీస్తే ఆ గొడవ ఉండదు. నా బిట్‌కి 5.6 వచ్చింది. ఇంకోటి, 45 అని రాసి ఉంటే ఒక పక్కకా, మొత్తమా అని అడగండి, ఛాంఫర్ బిట్ల (అంచుల్ని ఏటవాలుగా కోసేవి) మీద ఒక పక్క కోణం, వీ బిట్ల మీద మొత్తం కోణం రాస్తుంటారు. 6 మి.మీ. షాంక్‌ని 6.35 మి.మీ. (పావు అంగుళం) కాలెట్‌లో, అంటే కాడని పట్టుకునే బిగింపులో పెట్టి "సరిపోద్ది" అనేవాళ్లున్నారు, ఆ వేగంలో జారితే బిట్ ఎటు ఎగురుతుందో తెలీదు, కళ్లద్దాలు లేకుండా దగ్గర నిలబడకండి.

గృహప్రవేశం దగ్గరకొచ్చేసింది, అక్కకి ఇంకా చెప్పలేదు. కొలిచి చూసిన 90 బిట్, పావు అంగుళం షాంక్‌ది, ఎవరి దగ్గరైనా ఉంటే రెండ్రోజులు ఇవ్వండి, ఇన్‌బాక్స్ చేయండి, గాజువాక అయినా మధురవాడ అయినా నేనే వచ్చి తీసుకుంటాను. బిల్లు ఇచ్చి అమ్మే షాపు తెలిసినా చెప్పండి.