అమ్మ పళ్ళ సెట్టు కోసం హైదరాబాద్‌కు ఎనిమిది ప్రయాణాలు

అమ్మకు మొదటి పళ్ళ సెట్టు మా సూర్యాపేటలోనే కట్టించాం. పది రోజుల్లో చేతికొచ్చింది. పెట్టుకున్న రోజు నుంచి మాట్లాడితే చాలు, పై పళ్ళూ కింది పళ్ళూ టకటకా కొట్టుకునేవి. పెదాలు కలవాలంటే బిగబట్టి మూసుకోవాల్సి వచ్చేది. సాయంత్రానికి కణతలు గుంజేవి. "అలవాటు కావాలమ్మా" అన్నారు అక్కడ. మూడు నెలలు ఓపిక పట్టి, ఆ తర్వాత డబ్బాలో పెట్టి అల్మారాలో దాచేసింది. అప్పట్నుంచి పిసికిన అన్నం, చారు. పెళ్ళిళ్ళకు పోతే ఉత్త పెరుగన్నం. పోయిన సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ సకినాలు చుట్టి, తను ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈసారి హైదరాబాద్ తీసుకుపోయి సరిగ్గా కట్టించాలని.

ఎనిమిది సార్లు వెళ్ళొచ్చాం. ఏ రోజు పొద్దున పోయి సాయంత్రం రావచ్చు, ఏ రోజు అక్కడే పడుకోవాలి అన్నది ముందే తెలిసుంటే ఆరుసార్లతో అయిపోయేది. జిల్లాల నుంచి పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్. నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ చేరడానికి రెండున్నర, మూడు గంటలు. ఖర్చు లేకపోవడం ఇన్నిసార్లు తిరిగేవాళ్ళకు పెద్ద ఊరట. కాని పొద్దున ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకడం కష్టం, మధ్యలో ప్రతి స్టాపూ ఆగుతుంది. మామూలు రోజుల్లో ఎక్స్‌ప్రెస్, ముఖ్యమైన రోజుల్లో డబ్బు పెట్టి సూపర్ లగ్జరీ అని మేం తర్వాత నేర్చుకున్నాం. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్, చివరికి మేం సెట్టు కట్టించుకున్న క్లినిక్ అక్కడే. లిఫ్టు ఉంటుంది కాబట్టి అమ్మ మోకాళ్ళకు ఇబ్బంది లేదు. ఆ ముక్కకు బస్సులోనే కూర్చుంటే పొద్దుటి ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

మొదటిసారి రెండు చోట్ల చూపించుకుందామని రాత్రి ఉండేలా వెళ్ళాం. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు దగ్గరగా ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. బస్సు దిగి నడిచి చేరుకోవచ్చన్న సుఖం తప్ప ఇంకేమీ లేదు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, తెల్లవార్లూ హారన్లు. అమ్మ కన్ను మూయలేదు. పెద్దవాళ్ళతో వెళ్తే గది అద్దె కంటే ముందు లిఫ్టు ఉందా, గది రోడ్డు వైపా వెనక వైపా అని అడగండి.

మొదటి రోజు ఒక దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాం. ఓపీ చీటీ తీసుకుని కూర్చున్నాక పీజీ చదువుతున్న ఒక అమ్మాయి చూసింది. అంత ఓపికగా అమ్మ నోరు అంతకు ముందు ఎవరూ చూడలేదు. పాత సెట్టు నోట్లో పెట్టించి, తీయించి, మాట్లాడించి, "కాటు ఎత్తు ఎక్కువైంది అమ్మమ్మా, అందుకే కొట్టుకుంటున్నాయి" అని ఒక్క మాటలో కారణం చెప్పింది. కాటు అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు. అక్కడ ప్రతి దశనూ వాళ్ళ ప్రొఫెసర్ చూసి ఒప్పుకుంటేనే తర్వాతి దశ. ఖర్చు చాలా తక్కువ. కాని ఆ చూపించుకోవడం కోసం ఒక్కోసారి పూట మొత్తం పోతుంది, రావాల్సిన సార్లూ పెరుగుతాయి. నగరంలో ఉండేవాళ్ళకు, తోడు వచ్చే మనిషికి తీరిక ఉన్నవాళ్ళకు నేను అదే చెప్తాను. నేను బడికి సెలవు పెట్టి తిరగాలి కాబట్టి మాకు కుదరలేదు.

రెండో రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రోస్థోడాంటిస్ట్ దగ్గరికి వెళ్ళాం. కట్టుడు పళ్ళలోనే పీజీ (ఎండీఎస్) చేసిన డాక్టరును అలా అంటారు. ఆయన దగ్గర నాకు నచ్చినవి రెండు. సెట్టు ఇచ్చాక ఎన్నిసార్లు అరగదీయాల్సి వచ్చినా అదంతా మొదట చెప్పిన డబ్బులోనే అన్నారు. ఇది ముందే అడగాల్సిన మాట. రెండోది, మా బస్సు వేళలు అడిగి పదిన్నరకు టైం ఇచ్చారు. అయితే ఆ రోజు కొలత తీయలేదు. డాక్టరుకు చూపించాలని అమ్మ అంతకు ముందు నాలుగు రోజులు పాత సెట్టు పెట్టుకుని తిరిగింది. చిగుళ్ళు వాచి ఎర్రబడ్డాయి. వాచిన చిగురు మీద అచ్చు తీస్తే వాపు తగ్గాక సెట్టు వదులవుతుంది కాబట్టి, రెండు వారాలు అసలేమీ పెట్టుకోకుండా రమ్మన్నారు. పాత సెట్టు ఉన్నవాళ్ళు దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళండి, నోట్లో కాదు.

రెండో, మూడో ప్రయాణాలు అచ్చులకు. ఆ రెండూ పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే పనులే. రెండో ప్రయాణంలో సుమారుగా అచ్చు తీసి, దాని మీద అమ్మ నోటికే సరిపోయే ట్రే చేశారు. తర్వాతిసారి ఆ ట్రే అంచులకు ఆకుపచ్చ కడ్డీ ఒకటి కరిగించి అంటిస్తూ, బుగ్గలు లాగుతూ, నాలుక అటూ ఇటూ తిప్పిస్తూ అంచు సరిచేశారు. చివర్లో పేస్టు వేసి అచ్చు తీస్తే నోరంతా లవంగ నూనె వాసన. "పళ్ళు లేకున్నా పంటి నొప్పి మందు వాసనొస్తున్నది బిడ్డా" అంది అమ్మ.

నాలుగో ప్రయాణం కాటు కొలతకు. ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే, మేం పొరపాటు చేసిందీ ఇక్కడే.

పళ్ళున్నప్పుడు పై దవడ, కింది దవడ ఎక్కడ కలవాలో పళ్ళే చెప్తాయి. అన్నీ ఊడిపోయాక ఆ గుర్తు పోతుంది. ఏళ్ళ తరబడి చిగుళ్ళతో నమిలినవాళ్ళకు కింది దవడను ముందుకు తోసి మూయడం అలవాటవుతుంది. డాక్టరు మైనపు గోడలున్న రెండు పలకలు నోట్లో పెట్టి రెండు సంగతులు తేల్చాలి. ఎంత ఎత్తులో మూయాలి, ఏ చోట మూయాలి. ఎత్తు కోసం ముక్కు కొన మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి, "అమ్మ అనండి, అని వదిలేయండి" అన్నారు. మకారం పలికి వదిలితే దవడ తన విశ్రాంతి చోటికి వస్తుందట. అప్పుడు చుక్కల మధ్య కొలిచి, మైనాలు కలిసినప్పటి ఎత్తు దానికంటే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా చూశారు. దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు పళ్ళ మధ్య ఉండాల్సిన ఆ సందు లేకపోవడమే పాత సెట్టు జబ్బు. సందు మరీ ఎక్కువైనా తంటాయే, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చి మూతి ముడుచుకుపోతుంది. తర్వాత "సూర్యాపేట" అని పదే పదే అనిపించారు. స అన్నప్పుడు మైనాలు దగ్గరికి రావాలి, తగలకూడదు. ఎత్తు కుదిరింది.

చోటు మాత్రం కుదరలేదు. నాలుక కొన మడిచి అంగిలి వెనక్కి పెట్టి మెల్లగా మూయమన్నారు. మూడుసార్లు మూస్తే మూడు చోట్ల మూసింది. మేం ఆ రోజు ఐదు గంటల ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం, నకిరేకల్ దాకా అమ్మ నిలబడే వచ్చింది, దారిలో చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు. మెడ కండరాలు, దవడ కండరాలు బిగుసుకుని ఉన్నాయి. డాక్టరు అరగంట ప్రయత్నించి ఆపేశారు. "ఏదో ఒకటి రాసుకుని పంపించొచ్చు అమ్మా, కాని తర్వాత వచ్చేవన్నీ దీని మీదే నిలబడతాయి. రాత్రి బాగా నిద్రపోయి, తిని రండి." వారం పాటు రోజూ పొద్దున, సాయంత్రం నాలుక వెనక్కి మడిచి నోరు మూసే సాధన చేయమన్నారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాం. నాకు ఆ రోజు కోపం రాలేదు, నమ్మకం కలిగింది.

అయిదోసారి సూపర్ లగ్జరీలో మధ్యాహ్నమే బయల్దేరి, వనస్థలిపురంలో పిన్ని వాళ్ళింట్లో దిగాం. వీధి నిశ్శబ్దం, రాత్రి రాగి జావ, అలవాటైన మనుషులు. అమ్మ తొమ్మిదింటికే నిద్రపోయింది. పొద్దున ఇడ్లీ సాంబారులో నానబెట్టుకుని తిని, పదిన్నరకు కుర్చీలో కూర్చుంది. ఈసారి నాలుగుసార్లు మూస్తే నాలుగుసార్లూ ఒకే గీత మీద కలిశాయి. డాక్టరు ముఖంలో సంతోషం నేను చూశాను. అద్దం పట్టి ముఖం మధ్య గీత, నవ్వినప్పుడు పై పెదవి ఎంతవరకు లేస్తుందో ఆ గీత మైనం మీద గీసుకున్నారు. పలకలు రెండూ కలిపి తీసి ఆర్టిక్యులేటర్‌కు ఎక్కించారు. దవడ కీలులా తెరుచుకుని మూసుకునే ఇనుప చట్రం అది, పళ్ళు అమర్చేది దాని మీదే.

ఆరోసారి ట్రయల్. పళ్ళు మైనంలోనే గుచ్చి ఉంటాయి కాబట్టి మార్చాలనుకున్నది ఆ రోజే చెప్పాలి, గట్టి సెట్టు అయ్యాక మార్చడం అంత తేలిక కాదు. పాత ఫొటో ఒకటి పట్టుకెళ్ళండి. మా చెల్లి పెళ్ళిలో అమ్మ నవ్వుతున్న ఫొటో పట్టుకెళ్ళాను. డాక్టరు అది చూసి ముందు పళ్ళు రెండు కాస్త పెద్దవిగా మార్చారు. అమ్మ కిటికీ దగ్గర, వెలుతురులో అద్దం చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఇంటి మనిషి ఒకరు ఆ రోజు తప్పకుండా పక్కన ఉండాలి, ముఖం తేడా తెలిసేది మనకే. ఇదీ పొద్దున పోయి సాయంత్రం వచ్చే పనే.

సెట్టు ఇచ్చే రోజు మాత్రం రాత్రి అక్కడే ఉండాలి. ఈసారి నేను పిన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు. అక్కడ బాబాయి, అల్లుడు, పిల్లలు అందరూ ఉంటారు. కొత్త పళ్ళతో నోట్లో నీళ్ళు ఊరుతుంటాయి, మాట తడబడుతుంది, ముద్ద నోట్లో అటూ ఇటూ తిరుగుతుంది. అందరి ముందూ అమ్మ నోరు విప్పదని నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే లిఫ్టు, వేడినీళ్ళు ఉన్న లాడ్జిలో వెనక వైపు గది తీసుకున్నాం. కాటు కొలత ముందు రాత్రికి బంధువుల ఇల్లు, సెట్టు ఇచ్చిన రాత్రికి లాడ్జి గది. నా అనుభవంలో ఈ లెక్క సరైనది.

క్లినిక్‌లో ఆ రోజు గంటన్నర పట్టింది. తెల్లటి పేస్టు రాసి పెట్టి చూసి, ఎక్కువ ఒత్తే చోట్ల అరగదీశారు. నీలం కాగితం మధ్యలో పెట్టి కొరికిస్తే గుర్తులు పడ్డాయి. ఒక వైపు ముదురుగా, మరో వైపు లేతగా పడితే ముదురు చోట కొద్దికొద్దిగా తీస్తూ రెండు వైపులా సమానం చేశారు. పై సెట్టు అంగిలికి పట్టేసింది. కింది సెట్టు కదులుతూనే ఉంది. అది అందరికీ అంతేనట. కింద ఆనుకునే చోటు తక్కువ, నాలుక ఎప్పుడూ తోస్తూ ఉంటుంది, పళ్ళు పోయాక కింది ఎముక పై ఎముక కంటే చాలా ఎక్కువగా అరుగుతుంది. ముందు పళ్ళతో కొరకొద్దు, చిన్న ముక్కలు రెండు వైపులా పెట్టుకుని ఒకేసారి నమలమన్నారు.

ఆ రాత్రి గదిలో అమ్మ పేపరు పైకి చదివింది. మొదటి పేజీ అయ్యేసరికి గంట పట్టింది, రెండో పేజీకి స, శ పలకడం తేలికైంది. ఉప్మా మెల్లగా తింది. పడుకునే ముందు తీసి గిన్నెలో మామూలు నీళ్ళలో వేశాం. వేడినీళ్ళయితే సెట్టు వంకరపోతుంది. పొద్దున పెట్టుకుని టిఫిన్ చేశాక, కింద ఎడమ పక్క లోపలి వైపు మంట అంది. పదింటికి క్లినిక్‌కు వెళ్తే చిగురు మీద ఎర్రగా కనపడింది. ఆ ఎరుపు మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి, సెట్టు పెట్టి తీస్తే చుక్క సెట్టుకు అంటింది. సరిగ్గా అక్కడే రెండు నిమిషాలు అరగదీశారు. ముందు రోజు సాయంత్రమే బస్సెక్కి ఉంటే ఆ రెండు నిమిషాల పని కోసం మళ్ళీ రానూ పోనూ రెండు వందల యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్ళం.

వారం తర్వాత ఎనిమిదోసారి వెళ్ళాం. నొప్పిగా ఉందని అమ్మ రెండు రోజుల ముందే సెట్టు తీసేసి డబ్బాలో పెట్టి తెచ్చింది. పుండు మానిపోయింది, డాక్టరుకు ఎక్కడ అరగదీయాలో ఆనవాలు లేదు. నొప్పి ఉన్నా ముందు రోజు నుంచైనా పెట్టుకుని రావాలట, ఇది ఎవరూ మాకు ముందు చెప్పలేదు. ఇప్పుడు పెట్టుకుని ఏదైనా తిని రెండు గంటలాగి రమ్మన్నారు. పక్క సందులో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అమ్మ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచింది, రెండోది ముంచకుండానే తింది. తిరిగి వెళ్ళేసరికి ఎర్ర గుర్తు కనపడింది. పని అయిపోయింది. మళ్ళీ ఆరు నెలలకు చూపించుకోవాలి.

మొన్న ఆదివారం, పండగ లేదు పబ్బం లేదు, అమ్మ బియ్యం నానబోసింది. సాయంత్రానికి నలభై సకినాలు. ఒకటి విరిచి చెరో వైపూ ఒక ముక్క పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. కింది సెట్టు కిందికి నువ్వులు పోయి గుచ్చుకున్నాయి. లేచి వెళ్ళి సెట్టు కడుక్కుని, మళ్ళీ పెట్టుకుని వచ్చి రెండోది విరిచింది.