క్యూఎస్‌ఎల్ కోసం ఉత్తరమా, ఈమెయిలా?

ఎక్కడో దూరదేశపు షార్ట్‌వేవ్ రేడియో స్టేషన్ దొరికింది. ఫలానా రోజు, ఫలానా టైముకి మీ ప్రసారం విన్నామని రిపోర్టు రాస్తే, నిజమేనని స్టేషన్ వాళ్లు పంపే ధ్రువీకరణే క్యూఎస్‌ఎల్. దానికోసం ఉత్తరం రాయడం మేలా, ఈమెయిల్ మేలా? నేను రెండూ చేస్తాను. కానీ ముందు పంపేది ఈమెయిలే.

కారణం ఆడియో. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు అనౌన్సర్ మాట సగం గరగరలో కలిసిపోతుంది. మనం ఎంత వివరంగా రాసినా, నిమిషం నిడివి రికార్డింగ్ జతచేస్తే అవతలివాళ్లకి అనుమానమే ఉండదు. జవాబు కూడా త్వరగా వస్తుంది, కొన్నిసార్లు మర్నాడే. కాకపోతే వచ్చేది చాలావరకు అసలు కార్డు కాదు, కార్డు బొమ్మ ఉన్న ఫైలే. కొందరు "మీ రిపోర్టుకి కృతజ్ఞతలు" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ ఏవీ లేని ఆ జవాబుని నేను క్యూఎస్‌ఎల్‌గా లెక్కపెట్టను.

ఉత్తరానికి ఓపిక కావాలి. నెలలు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. చిన్న స్టేషన్లకి రాసేటప్పుడు తిరుగు తపాలా ఖర్చు మనమే పెట్టుకోవడం మర్యాద. అందుకోసమే 1906లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ తపాలా సమావేశం రిప్లై కూపన్ తెచ్చింది. ఉత్తరంతో పాటు పంపితే, అవతలివాళ్లు దాన్ని తమ పోస్టాఫీసులో ఇచ్చి జవాబుకి స్టాంపులు తీసుకుంటారు. ఇప్పుడు చాలా దేశాల్లో అది అమ్మడం లేదు. దొరికితే మాత్రం దానిమీద గడువు తేదీ చూసుకోండి. ఇంత కష్టపడ్డాక వచ్చిన కార్డు మీద ఎవరో పెన్నుతో మన ఫ్రీక్వెన్సీ రాసి, స్టేషన్ ముద్ర వేసి ఉంటే, ఆ ఆనందం ఏ ఫైలూ ఇవ్వదు.

ఎవరికి రాస్తున్నామన్నదీ ముఖ్యమే. రేడియో రొమేనియా ఇంటర్నేషనల్ కార్డుల సిరీస్‌లకి పేరుపడింది. అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ నుంచి టైము చెప్పే డబ్ల్యూడబ్ల్యూవీ స్టేషన్ కూడా కార్డు ఇస్తుంది. బీబీసీ మాత్రం రిసెప్షన్ రిపోర్టుల్ని ధ్రువీకరించదు. అక్కడ ఏ దారిలో వెళ్లినా ఒకటే.

ఏ దారిలో పంపినా రిపోర్టు గట్టిగా ఉండాలి. "సంగీతం బాగుంది" అంటే చెల్లదు. "1402: ఆడగొంతు, వార్తలు. 1406: వేణువు, సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయింది" అన్నట్టు కనీసం పావుగంట ప్రసారం రాయాలి. సిన్‌పో అంకెలు, అంటే సిగ్నల్ బలం, ఇతర స్టేషన్ల అడ్డు, గరగర, సిగ్నల్ హెచ్చుతగ్గులు, మొత్తం మీద ఎలా వినిపించిందన్న అయిదింటికీ ఒకటి నుంచి అయిదు దాకా (అయిదు అన్నిటికన్నా మేలు) ఇచ్చే మార్కులు, నిజాయితీగా వెయ్యాలి. వాళ్ల సిగ్నల్ ఇక్కడ ఎలా చేరుతోందో తెలిసేది వాటితోనే. గరగరల మధ్య విన్నదానికి 55555 వేస్తే ఆ రిపోర్టు వాళ్లకి ఎందుకూ పనికిరాదు. టైము యూటీసీలోనే, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైములోనే ఉండాలి. మన గడియారం కన్నా అది అయిదున్నర గంటలు వెనక. ఒకసారి నేను పొరపాటున లోకల్ టైము రాసి పంపాను. ఆ టైములో మా ప్రసారమే లేదని జవాబొచ్చింది. తెల్లవారుజామున వింటే తేదీ కూడా మారిపోవచ్చు, చూసుకోండి.

ఇంటర్నెట్‌లో వేరే దేశపు రిసీవర్ మీద విని రిపోర్టు పంపేవాళ్లూ ఉన్నారు. పంపితే పంపండి, ఆ సంగతి మాత్రం రిపోర్టులో తప్పకుండా చెప్పండి. నా వరకు నా యాంటెనాకి అందినదానికే కార్డు అడుగుతాను.

ఈమెయిల్ వెళ్లి రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే, అదే రిపోర్టుని మొదట పంపిన తేదీతో సహా కాగితం మీద రాసి పోస్టు చేస్తాను.