6,000 పెళ్లి ఫొటోలు: లేబుళ్లా, లిస్ట్ విడ్జెట్టా, లిస్ట్ వ్యూనా?

చెన్నై కోడంబాక్కంలో మా మామయ్యకు ఫొటో స్టూడియో ఉంది. ఒక్కో పెళ్లికి 6,000 ఫొటోలు వస్తాయి. ఆల్బమ్‌లోకి 300 ఎంచుకోవడానికి పెళ్లివారు వచ్చి కూర్చుంటారు. వాళ్ల కోసం పైథాన్‌లో, క్యూటీతో (తెర మీద కిటికీలు, బటన్లు చేసిపెట్టే లైబ్రరీ) ఒక ప్రోగ్రాం రాశాను. ఒకటి కాదు, మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

మొదటిసారి ఫొటోకొక క్యూలేబుల్ (బొమ్మ చూపించే గడి) చేసి గ్రిడ్‌లో పేర్చి స్క్రోల్ ఏరియాలో పెట్టాను. 200 ఫొటోలతో ఇంట్లో చూసుకుంటే బాగానే ఉంది. స్టూడియోలో 6,000 ఇచ్చేసరికి కిటికీ తెరుచుకోదే! "ఇది వచ్చేలోపు ఇంకో పెళ్లి తీసి రావచ్చురా" అన్నాడు మామయ్య. తెర మీద కనిపించేవి 40. కానీ ప్రతి లేబులూ పూర్తి స్థాయి విడ్జెట్ (తెర మీద విడిగా నడిచే భాగం) కాబట్టి 6,000 తయారై, వాటి కొలతలన్నీ లెక్క తేలాకే మొదటి బొమ్మ కనిపిస్తుంది. పంక్తిలో 40 మందికే చోటుంటే ఊరందరికీ ముందే విస్తళ్లు వేసినట్టు!

రెండోది క్యూలిస్ట్‌విడ్జెట్ (క్యూటీలో రెడీగా దొరికే జాబితా), బొమ్మలను గడులుగా పేర్చే ఐకాన్ మోడ్‌లో. ఇందులో ఒక్కో అంశం విడ్జెట్ కాదు, కాబట్టి చాలా తేలిక. రాయడమూ సులువే. ఒక చిక్కుంది: ఐకాన్ మోడ్‌లో బొమ్మలను మౌస్‌తో పట్టుకుని జరపవచ్చు. పెళ్లికూతురి పిన్ని తాళి కట్టే ఫొటోను నొక్కి లాగితే అది పోయి భోజనాల మధ్యలో పడింది. మూవ్‌మెంట్‌ను స్టాటిక్ చేస్తే ఆ గోల పోయింది. వెయ్యి లోపు ఫొటోలైతే నా ఓటు దీనికే. అంతకు మించితే అన్ని ఐకాన్లనూ మనమే ముందుగా నింపిపెట్టడం బరువవుతుంది.

ఇప్పుడు నడుస్తున్నది మూడోది: క్యూలిస్ట్‌వ్యూ (చూపించే భాగం మాత్రమే), దాని వెనుక సొంత మోడల్ (ఫొటోలు అందించే భాగం). ఏ వరుస గీయాలో వ్యూ అడుగుతుంది, మోడల్ ఆ బొమ్మ ఇస్తుంది. సిద్ధంగా లేకపోతే బూడిద రంగు గడి ఇచ్చి, చదివే పనిని పక్కన సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్‌కు అప్పగిస్తుంది. ఆ థ్రెడ్‌లో క్యూఇమేజ్ (మెమరీలోని బొమ్మ) మాత్రమే వాడాలి, క్యూపిక్స్‌మ్యాప్ (తెర మీద గీయడానికి సిద్ధమైన బొమ్మ) ప్రధాన థ్రెడ్‌కే పరిమితం. గడులన్నీ ఒకే కొలత అని యూనిఫాం ఐటమ్ సైజెస్‌తో చెప్పేస్తే ప్రతిదాని కొలతా అడగదు.

అయితే వ్యూ మార్చినంత మాత్రాన కథ ముగియదు. అసలు కాలం తినేది ఫొటో ఫైలును పిక్సెళ్లుగా విప్పడం. 6000×4000 పిక్సెళ్ల ఫొటో పూర్తిగా విప్పితే, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 96 ఎంబీ. 160 పిక్సెళ్ల బొమ్మ కోసం అంత విప్పి, తరువాత కుదించడం నేను మొదట చేసిన తెలివితక్కువ పని. ఫైలు చదివే క్యూఇమేజ్‌రీడర్‌కు చదవకముందే కావాల్సిన కొలతను సెట్‌స్కేల్డ్‌సైజ్‌తో చెబితే, జేపెగ్ విప్పేటప్పుడే ఎనిమిదో వంతు వరకూ తగ్గించి ఇవ్వగలదు. కెమెరా రాసిన దిశ ప్రకారం తిప్పే ఆటో ట్రాన్స్‌ఫాం కూడా పెట్టండి, లేదంటే నిలువు ఫొటోల్లో పెళ్లికొడుకు పడుకుని ఉంటాడు.

తగ్గించాక ఒక్కోటి సుమారు 68 కేబీ. అన్నీ దాచుకుంటే 400 ఎంబీ దాటుతుంది, అందుకే కొన్నింటిని మాత్రమే మెమరీలో ఉంచే క్యూపిక్స్‌మ్యాప్‌క్యాష్ వాడాను. దాని పరిమితి మామూలుగా 10 ఎంబీ, అంటే 150 బొమ్మలు. ఆ పరిమితిని 100 ఎంబీ చేశాను. చిన్న బొమ్మలను డిస్కులో కూడా దాచాను కాబట్టి రెండోసారి తెరిస్తే ఎదురుచూపు లేదు.

టచ్ తెర మీద వేలితో జరిపే పనైతే క్యూఎంఎల్ (క్యూటీలోనే తెరలు రాసే మరో పద్ధతి) గ్రిడ్ వ్యూ ఇంకా నయం. మామయ్య దగ్గర పాత మానిటరే ఉంది కాబట్టి అటు పోలేదు.

ఇంకొక్క మాట. స్క్రోల్ బార్‌ను ఒక్కసారిగా కిందికి లాగేవాళ్లుంటారు. చదవాల్సిన వరుసలో చివర అడిగిన ఫొటోను ముందు చదివించండి, తెర దాటిపోయినవాటిని ఆ వరుసలోంచి కొట్టేయండి. లేకపోతే మనం అప్పగింతల దగ్గరికి వెళ్లి కూర్చున్నా, ప్రోగ్రాం ఇంకా నలుగు ఫొటోలే చదువుతూ ఉంటుంది.