బెర్లిన్ రాత్రులు: పాట ఎక్కడ, పడక ఎక్కడ

బెర్లిన్ వెళ్లొచ్చానంటే ముందుగా అందరూ అడిగేది బెర్గైన్ గురించే. పాత పవర్‌హౌస్‌లో 2004లో మొదలైన టెక్నో క్లబ్ అది. టెక్నో అంటే యంత్రాల మీద పుట్టించిన బీట్‌తో సాగే డాన్స్ సంగీతం. లోపల ఫొటోలు తియ్యకూడదు, ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. గంటలకొద్దీ క్యూలో నిలబడ్డా గుమ్మం దగ్గర వెనక్కి పంపేయొచ్చు, కారణం కూడా చెప్పరు. టెక్నో అంటే ప్రాణమైతే ఆ క్యూలో నిలబడండి. వాయించేవాళ్లని కళ్లెదురుగా చూస్తూ వినాలనుకుంటే మాత్రం ఆ రాత్రిని అక్కడ పోగొట్టుకోవద్దు.

నా ఓటు ఏ-ట్రేన్‌కి. నగరానికి పడమటి వైపు చార్లొటెన్‌బుర్గ్‌లో 1992 నుంచి నడుస్తున్న జాజ్ క్లబ్. సావిన్యీప్లాట్జ్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. వందమంది వస్తే నిండిపోయే గది. ముందు బల్ల దొరికితే డ్రమ్స్ చేతికందేంత దూరంలో ఉంటాయి. నేను వెళ్లిన రాత్రి డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి తీగల బ్రష్‌లు తీసుకున్నాడు. ఎడమచేత్తో డ్రమ్ మీద గుండ్రంగా రాస్తూ, కుడిచేత్తో అప్పుడప్పుడు ఒక్క దెబ్బ. ఆ రాపిడి శబ్దం ఏ రికార్డులోనూ అంత స్పష్టంగా వినలేదు. ఒక్కొక్కరి సోలో అవగానే, పాట మధ్యలోనే, మన కచేరీలో మృదంగం తని ముగిసినప్పటిలా చప్పట్లు మోగుతాయి. కబుర్లు చెప్పుకునేవాళ్లు లేరు. టికెట్ ముందే కొనుక్కోండి, సీటు నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తలుపు తీసే వేళకే చేరాలి.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఫిల్‌హార్మనీ. హాన్స్ షరూన్ డిజైన్ చేసిన ఈ హాలు 1963లో తెరిచారు. వేదిక చుట్టూ మెట్లు మెట్లుగా జనం కూర్చుంటారు. కోరస్ లేని రోజుల్లో ఆర్కెస్ట్రా వెనకున్న బెంచీలను కూడా తక్కువ ధరకి అమ్ముతారు. అక్కడ కూర్చుంటే ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ వీపు కాదు, ముఖం కనిపిస్తుంది. కళ్లతో ఎవరిని హెచ్చరిస్తున్నాడో, ఏ చోట నవ్వుతున్నాడో అంతా చూడొచ్చు. అయితే డ్రమ్స్, బాకాలు పక్కనే ఉండటంతో వయొలిన్లు కాస్త వెనకబడతాయి. గాయకులున్న కార్యక్రమానికి ఆ సీటు వద్దేవద్దు, గొంతంతా అటువైపు వెళ్లిపోతుంది. డబ్బు పెట్టలేనివాళ్లకి సీజన్‌లో వారానికోసారి మధ్యాహ్నం వేళ లాబీలో ఉచిత కచేరీ ఉంటుంది. జనం మెట్ల మీద కూడా కూర్చుని వింటారు.

బస విషయానికొస్తే, మొదట వార్షావర్ స్ట్రాసె దగ్గర ఒక హాస్టల్ తీసుకున్నాను. చుట్టూ క్లబ్బులు, బార్లు, అర్ధరాత్రి కూడా తిండి. కుర్రాళ్ల గుంపుకి ఇంతకంటే మంచి చోటు లేదు. నిద్ర మీద ఆశ ఉన్నవాళ్లకి కాదు. బెర్లిన్‌లో బార్లకి మూసే వేళ అంటూ లేదు. పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే ఆ నియమం ఎత్తేశారు. అందుకే కిటికీ కింద తెల్లవారుజామున నాలుగింటికి కూడా సందడే. తర్వాత సావిన్యీప్లాట్జ్ దగ్గర చిన్న లాడ్జికి మారాను. అద్దె ఎక్కువే, కానీ గది ప్రశాంతం, జాజ్ క్లబ్ నుంచి నడిచి వచ్చేయొచ్చు. తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లకి ఇదే చెప్తాను.

రాత్రి తిరిగిరావడానికి టెన్షన్ అక్కర్లేదు. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది. మిగతా రోజుల్లో ఒంటిగంట ప్రాంతంలో ఆగిపోతుంది, అప్పుడు మెట్రో దారుల వెంబడే ఎన్ అక్షరంతో నైట్ బస్సులు తిరుగుతాయి. స్టేషన్‌లో గేట్లు ఉండవు కదా అని టికెట్ మానేయకండి, మామూలు బట్టల్లో వచ్చి తనిఖీ చేస్తారు, జరిమానా 60 యూరోలు. కాగితం టికెట్ కొంటే మెషీన్‌లో ముద్ర వేయించాలి కూడా.

శాకాహారులకి ఆ వేళలో దిక్కు సెనగలతో చేసే వడల్లాంటి ఫలాఫెల్, కాల్చిన హలూమీ చీజ్. నాయ్‌కోల్న్ పేటలో జోనెన్అలే వీధి పొడవునా అరబ్బుల హోటళ్లున్నాయి. వాళ్ల నువ్వుల చట్నీ పోసిన ఫలాఫెల్ నాకు తెగ నచ్చింది. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, జేబులో నోట్లు ఉంచుకోండి. బార్‌లో సీసాకో గ్లాసుకో డిపాజిట్ కలిపి తీసుకుంటే, ఖాళీది తిరిగిచ్చి ఆ డబ్బు అడిగి తీసుకోవాలి.

ఆదివారం మౌర్‌పార్క్‌కి వెళ్లండి. ఒకప్పుడు బెర్లిన్ గోడ ఉన్న చోటు. వాతావరణం బాగున్న నెలల్లో, మధ్యాహ్నం వేళ రాతి మెట్ల మీద వందలమంది కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్లు కరవోకే (రికార్డు సంగీతానికి గొంతు కలిపే పాట) పాడుతుంటే ఉత్సాహపరుస్తారు. శ్రుతి తప్పినా ఎవరూ ఎగతాళి చేయరు, పాడినవాళ్లు ముఖం వెలిగిపోతూ దిగుతారు. పక్కనే పాత వస్తువుల సంత. సూపర్‌మార్కెట్లు మాత్రం ఆదివారం దాదాపు అన్నీ మూతే, పాలూ బ్రెడ్డూ శనివారమే కొనిపెట్టుకోండి. మర్చిపోతే సెంట్రల్ స్టేషన్‌లో ఉన్నవి తెరిచే ఉంటాయి.