లీడ్‌కి రివర్బా, డిలేయా?

సింథ్‌లో (సింథసైజర్ కీబోర్డులో) లీడ్ టోన్, అంటే ప్రధాన ట్యూన్ వాయించే శబ్దం, పొడిగా వినిపిస్తే చెయ్యి ముందు రివర్బ్ మీదికే పోతుంది. చాలాసార్లు అక్కడ కావలసింది డిలే.

పని: రివర్బ్ స్వరాన్ని గదిలోనో హాల్లోనో కూర్చోబెడుతుంది. డిలే అదే స్వరాన్ని మళ్ళీ పలికిస్తుంది.

ఖర్చు: ఇప్పటి డిజిటల్ సింథ్‌లలో చాలావాటిలో రెండూ ఉంటాయి, విడిగా కొననక్కర్లేదు.

శ్రమ: రివర్బ్‌కి చెవి చాలు. డికే (మోత తగ్గిపోయే సమయం) 1.5 సెకన్లు, ప్రీ-డిలే (స్వరం తర్వాత రివర్బ్ మొదలయ్యేలోపు విరామం) 20 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి. డిలేకి లెక్క కావాలి: 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్‌లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోలో బీట్ 500 మిల్లీసెకన్లు, అర బీట్ 250, ముప్పావు బీట్ 375. ఆ 375 పెట్టి, వరుసగా అర బీట్ స్వరాలు వాయించి చూడండి. మీరు వాయించని స్వరాలు మధ్యలో అల్లుకుంటాయి. ఎన్నిసార్లు విన్నా నాకు ముచ్చటే. టెంపో సింక్ ఉంటే ఈ లెక్క సింథే చేసుకుంటుంది.

రిస్క్: రివర్బ్ ఎక్కువైతే కింది స్వరాలన్నీ ముద్దయిపోతాయి, లో కట్ (కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్) వాడండి. డిలేలో ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని మళ్ళీ డిలేలోకే వెళ్ళే మోతాదు) 100 శాతానికి చేరితే ప్రతిధ్వని ఆగదు, స్టేజీ మీద అదో టెన్షన్. 30 దగ్గర ఉంచితే నిశ్చింత.

నెమ్మదిగా సాగే ప్యాడ్‌లు (వెనకాల నిండుగా పరుచుకునే శబ్దాలు), స్ట్రింగ్స్‌కి రివర్బ్. వేగంగా పరిగెత్తే లీడ్‌కి డిలే. గోడలే మోగే కల్యాణమండపంలో అయితే రివర్బ్ పూర్తిగా తీసేసి, డిలే కూడా కొంచెమే.