23,500కి కొన్న పాత థింక్‌ప్యాడ్ టీ480: మా బిడ్డ చదువుకి మూడున్నరేళ్లు వాడినంక రాస్తున్న

2022 జూన్‌లో మా బిడ్డ తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు కొన్న లాప్‌టాప్ ఇది. ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ, అంటే మూడున్నరేళ్లు దాటింది. డబ్బా విప్పిన రోజే ఐదు స్టార్లు కొట్టేటోళ్ల రివ్యూలు చదివి చదివి నాకు అప్పట్ల తల తిరిగింది, అందుకే నేను ఇంత కాలం ఆగి రాస్తున్న.

నాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్త. కంప్యూటర్ అంటే నాకు ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, గంతే. లాక్‌డౌన్ టైంలో పిల్ల క్లాసులన్నీ నా ఫోన్‌లనే విన్నది, ఫోన్ చార్జింగ్‌కి పెట్టే వాడుడు, అది పెనం లెక్క కాలుడు, మధ్యలో మా ఓనర్ ఫోన్ చేస్తే క్లాస్ కట్ అవుడు. స్కూళ్లు తెరిచినంక ప్రతి సబ్జెక్టుకి పీపీటీ చేసుకొని రమ్మన్నరు, నెట్ సెంటర్‌కి పోతే పేజీకింత స్లైడ్‌కింత అని రెండు నెలల్లనే చేతి చమురు బాగా వదిలింది. ఇట్ల కాదు అని లాప్‌టాప్ అనుకున్నం. బడ్జెట్ 25 వేలు.

ఆ రేటుకి కొత్తవి ఏమొస్తయి అని చూస్తే అన్నీ ఒకటే తీరు. సెలెరాన్ అనే తక్కువ రకం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్. మా తోడల్లుడు వాళ్ల పిల్లగానికి ముందే అట్లాంటిదే తీస్కున్నడు, కంపెనీ పేరు ఎందుకు లెండి, ఆ రేటులో అందరివీ అట్లనే ఉన్నయి. కొత్తగా ఉన్నప్పుడు మెరిసిపోయేది, బరువు కూడా ఏం లేదు, చూసి మాకు కొంచెం కుళ్లు కూడా అయింది నిజం చెప్పాలంటే. ఆరు నెలలకు వాళ్లింటికి పోతే సీ డ్రైవ్ ఎర్రగా అయి కూసుంది. విండోస్, దాని అప్‌డేట్లు కలిసి ఆ 64 జీబీలో సగానికి పైగా తినేసినయి, అప్‌డేట్ చేద్దామంటే జాగ లేదంటది, చేయకుంటే రోజూ అడుగుతది. తీసేసి పెద్దది ఏద్దామంటే ఈఎంఎంసీ అనేది బోర్డుకే అతికించి ఉంటది, ర్యామ్ కూడా అంతే. అంటే కొన్న రోజు ఎంత ఉంటదో సచ్చేదాకా అంతే.

హైదరాబాద్‌లో పని చేసే మా మేనల్లుడు ఉన్నడు, వాడే అన్నడు, మామా నువ్వు కొత్తది కొనకు, కంపెనీలు నాలుగేండ్లు వాడి తీసేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు అమ్ముతరు, లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ఈ మూడిట్లో ఏదైనా తీస్కో, కానీ ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్‌కి తగ్గకు అని. నాకేం అర్థం కాలే. ఐ5 అంటే ఐ5 కదా అన్న. ఐ5 అనే స్టిక్కర్ చూసి మోసపోకు మామా, దాని తర్వాత నంబర్ చూడు, 8250 అని ఉంటే ఎనిమిదోది, 7200 అని ఉంటే ఏడోది, ఇట్లాంటి లాప్‌టాప్‌లల్ల ఏడో దాంట్లో ఎక్కువగా రెండే కోర్లు (లోపల పని చేసే భాగాలు), ఎనిమిదో దాంట్లో నాలుగు, పైగా విండోస్ 11 ఎనిమిది నుంచే ఇస్తున్నరు అని ఫోన్‌లనే అరగంట క్లాస్ పీకిండు. ఈ ఒక్క మాట విన్నందుకు వానికి ఇప్పటికీ బిర్యానీ బాకీ ఉన్న. ఎందుకంటే మా మిల్లులనే ఇంకో ఆయన మూడు వేలు తక్కువని ఆరో జనరేషన్‌ది తీస్కున్నడు, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, ఆయనది 11కి ఎక్కనంటది. ఇప్పుడు అండ్ల విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఫ్రీ సిస్టం ఏసి ఇచ్చిన్రు, చదువుకునే పిల్లగానికి అదీ పని చేస్తది గానీ ఆయన మొఖం మాత్రం ఇంకా తేరుకోలే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని కంప్యూటర్ షాపులన్నీ ఒక్క కాడ ఉంటయి, పొద్దున బస్ ఎక్కి బిడ్డ, నేను పోయినం. పది షాపులు తిరిగినం. ఒక్కో షాపులో లాప్‌టాప్‌లు మా మిల్లుల బస్తాల లెక్క పేర్చి ఉన్నయి. ఒక కాడ థింక్‌ప్యాడ్ టీ480 చూపెట్టిన్రు, ఐ5 8250యూ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ స్టోరేజ్, 26 వేలు చెప్పి 23,500కి దిగిన్రు, మూడు నెలల షాప్ వారంటీ. నల్లగా మొద్దుగా ఉంది, కీబోర్డ్ నడుమ ఎర్ర బుడిపె ఒకటి. బిడ్డ మొఖం చూస్తే అర్థమైంది దానికి నచ్చలేదని. డాడీ ఇది గవర్నమెంట్ ఆఫీస్ లాప్‌టాప్ లెక్క ఉంది అన్నది. నేను కీబోర్డ్ మీద నాలుగు అక్షరాలు కొట్టిన, అప్పటికే మనసు అయిపోయింది, మిల్లుల రోజంతా కొట్టేటోన్ని కాబట్టి నాకు తెలుసు, ఇంత మంచి కీబోర్డ్ నేను కొత్త వాటిల్ల చూడలే.

నేను చేసిన పెద్ద తప్పు ఆ షాపులనే జరిగింది, మీరు చేయకున్రి. స్క్రీన్. టీ480 అనేది ఒకటే పేరు గానీ అండ్ల స్క్రీన్లు రకరకాలు వచ్చినయి, 1366 బై 768ది ఉంది, 1920 బై 1080 ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్‌ది, అంటే పక్క నుంచి చూసినా రంగు మారనిది ఉంది. మాకు వచ్చింది మొదటిది, నాకు ఆ సంగతే తెల్వదు, ఎదురుగ నిలబడి చూస్తే మంచిగనే ఉంది అనుకున్న, ఇంటికి తెచ్చి మంచం మీద అక్కా తమ్ముడు పక్కపక్కన కూసొని చూస్తే పక్కనోనికి రంగులన్నీ తిరగబడి కనపడుతున్నయి. ఎక్సెల్ షీట్‌లో ఎన్ని గళ్లు పడతయంటే మా మిల్లు పాత మానిటరే నయం. అదే షాపులో ఇంకో పదిహేను వందలు పెడితే ఫుల్ హెచ్‌డీది ఇచ్చేటోళ్లట, మేనల్లుడు తర్వాత చెప్పిండు, ముందు చెప్పాలె గదరా అంటే నువ్వు అడగలేదు కదా మామా అన్నడు. పిల్లలు రోజుకి మూడు నాలుగు గంటలు కండ్లు పెట్టేది స్క్రీన్ మీదనే కాబట్టి ప్రాసెసర్ కంటే ముందు అది చూడున్రి, లాప్‌టాప్‌ని పక్కకి తిప్పి, మూత సగం వంచి చూడున్రి, రంగు మారితే వద్దు అనున్రి.

రెండో దెబ్బ విండోస్. షాపోడు ఏసిచ్చిన విండోస్ దొంగది, ఏదో ఆక్టివేటర్‌తో నడిపిన్రు, వారానికే యాంటీవైరస్ మొత్తుకునుడు మొదలుపెట్టింది. షాప్‌కి ఫోన్ చేస్తే అందరికీ అదే ఏస్తం సార్, ఏం కాదు అన్నడు. మేనల్లుడు దసరాకి వచ్చి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి కొత్తగా ఏసిండు, కీ అడగకుండనే ఆక్టివేట్ అయింది, ఎందుకంటే ఈ కంపెనీ లాప్‌టాప్‌లకి ఒరిజినల్ లైసెన్స్ మిషన్‌లనే రాసి ఉంటదంట. ఉన్న లైసెన్స్‌ని వదిలేసి దొంగది ఏసుడు ఏం తెలివో నాకైతే సమజ్ కాలే. అప్పుడే బయోస్‌లకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులకి పోయి పాస్‌వర్డ్ ఏం లేదు అని కూడా చూసిండు. పాత కంపెనీ వాళ్లు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అట్లనే ఉండిపోతే తీయించుడు పెద్ద తలనొప్పి అంట, కాబట్టి షాపులనే ఆన్ చేయంగనే ఎఫ్1 కొట్టి లోపలికి పోనిస్తుందా లేదా చూసుకోవాలె. మేము చూడలే, అదృష్టం బాగుంది.

ఇగ బ్యాటరీ, దీని గురించి చాలా ఉంది. టీ480కి రెండు బ్యాటరీలు, ఒకటి లోపల, ఒకటి వెనకాల గుంజితే ఊడి వచ్చేది. కొన్నప్పుడు రెండూ కలిపి గంటన్నర వచ్చేది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, జాగ ఇడిచి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైల్ తయారైతది, అండ్ల డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్ ఎంత అని రెండు లెక్కలు ఉంటయి. మాది వెనక బ్యాటరీ 24 వేల మిల్లీవాట్ అవర్లకి (అంటే 24 వాట్ అవర్లకి) 9 వేలే చూపెట్టింది, అంటే బస్తా మీద 50 కిలోలు అని ఉండి తూకమేస్తే 19 కిలోలు ఉన్నట్టు. ఈ లెక్క షాపులనే చూస్తే ఓ వెయ్యి తగ్గించుకునేటోన్ని. సరే అని ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి డూప్లికేట్ బ్యాటరీ తెప్పించిన, అది నాలుగు నెలలు, 60 శాతం చూపెట్టుకుంటనే టప్పున ఆరిపోయేది, పదో తరగతి సైన్స్ ప్రాజెక్ట్ ఫైల్ ఒకటి అట్లనే పోయి పిల్ల రాత్రంతా ఏడుసుకుంట మల్ల చేసింది. తర్వాత 3,200 పెట్టి పెద్ద సైజ్ బ్యాటరీ, 72 వాట్ అవర్‌ది తీస్కున్న. అది కిందికి పొడుచుకొని వస్తది, లాప్‌టాప్ వెనక భాగం లేచి నిలబడతది, చూడనీకి ఎట్లనో ఉంటది గానీ రాసేటప్పుడు ఏటవాలుగా మంచిగనే ఉంది, కింద గాలి కూడా ఆడతది. ఇప్పటికీ ఐదు గంటలు పైనే వస్తుంది. ఎండకాలం కరెంట్ పోయినప్పుడు మా ఇంట్ల ఫోన్లకి కూడా ఇదే దిక్కు. చార్జర్ టైప్ సీ కాబట్టి మామూలు రోజుల్ల నా ఫోన్‌కి కూడా అదే పెడుత.

చాయ్ పడ్డ కథ కూడా చెప్పాలె. చిన్నోడు నిండు గ్లాస్ కీబోర్డ్ మీద ఒంపిండు. అయిపోయింది అనుకున్నం. వెంటనే ఆపేసి, వెనక బ్యాటరీ పీకి, బోర్లించినం, రెండు రోజులు అట్లనే పెట్టినం. ఈ మోడల్ కీబోర్డ్ కింద నీళ్లు కారిపోయేటందుకు దారులు ఉంటయి, చాయ్ కిందికెళ్లి బయటికే వచ్చింది, మిషన్‌కి ఏం కాలే. కాకపోతే చక్కెరకి కీలు అతుక్కపోయినయి, స్పేస్ కొడితే పైకి రాదు. 1,600కి కొత్త కీబోర్డ్ ఏయించిన, మా ఊళ్లనే, అరగంట పని. అదే మా తోడల్లుడి లాప్‌టాప్‌కి కీబోర్డ్ పోతే పై డొక్క మొత్తం మార్చాలె అన్నరు, ఆ రేటు విని ఆయన బయటి కీబోర్డ్ ఒకటి కొని తగిలించుకున్నడు.

ర్యామ్ 2023లో ఇంకో 8 జీబీ ఏయించిన, రెండు స్లాట్లు ఉంటయి కాబట్టి పాతది తీయనక్కర్లేదు, పదిహేను వందలు అయింది. ఇప్పుడు ర్యామ్ రేట్లు మండిపోతున్నయి, ఇయ్యాల కొనేటోళ్లు 16 జీబీ ఉన్నదే చూసుకొని తీస్కోవడం మంచిది.

పిల్ల ఏం చేసింది దీంతోటి అంటే, పీపీటీలు సరే. భౌతికశాస్త్రం సర్క్యూట్లకి ఫెట్ సిమ్యులేషన్లు అని అమెరికాల కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి ఉచితంగా బ్రౌజర్‌లనే నడుస్తయి, లెక్కలకి గ్రాఫులు గీసే జియోజీబ్రా, ఈ రెండిటికీ ఫోన్ స్క్రీన్ సరిపోదు. పదో తరగతి సెలవుల్ల పైథాన్ నేర్చుకుంది, నా కోసమని హమాలీల లెక్క వేసే చిన్న ప్రోగ్రాం రాసింది, అది తప్పుల తడక, అయినా నేను ఇప్పటికీ తీసేయలే. తెలుగు టైపింగ్‌కి విండోస్‌లనే ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, బయటిది ఏదీ ఏయనవసరం లేదు. ఒక్క చిక్కు, స్కూల్ పత్రికకి కవిత టైప్ చేసి డీటీపీ షాప్‌కి తీస్కపోతే వాళ్లు ఇంకా అను ఫాంట్లలనే చేస్తుండ్రు, మనం ఫోన్‌ల, నెట్‌ల వాడే యూనికోడ్ అక్షరాలు వాళ్ల పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కవు, వాళ్లు మల్ల మొదటి నుంచి కొట్టుకున్నరు.

ఇంటర్‌కి హాస్టల్‌లో ఏయలే, హాస్టళ్లల్ల లాప్‌టాప్ రానియ్యరు, ఇంటి నుంచే పోతది కాబట్టి అసలు పని ఇప్పుడే దొరికింది. ఎప్‌సెట్ అంటే 160 ప్రశ్నలు మూడు గంటలు కంప్యూటర్ ముందల కూసోవాలె, జేఈఈ మెయిన్‌లో అయితే నంబర్ జవాబులు కూడా స్క్రీన్ మీది కీలని మౌస్‌తోటి నొక్కాలె. ఫోన్‌లో ఎన్ని టెస్టులు రాసినా ఆ అలవాటు రాదు. మౌస్ మాత్రం కొనాలె, 300 పెడితే వస్తది.

గేములు ఆడనీకి పనికిరాదు, చిన్నోడు ఎన్నిసార్లు ట్రై చేసినా. కెమెరా మసకగా ఉంటది. బ్యాగ్‌లో చార్జర్‌తో కలిపి రెండు కిలోలు దాటుతది, రోజూ మోసే పిల్లలకి బరువే. 2023లో జియోబుక్ అని కిలో కంటే తక్కువ బరువుతోటి 16,499కి ఒకటి వచ్చింది గానీ అది విండోస్ కాదు, 4 జీబీ 64 జీబీ కథనే మల్ల, ఆరో తరగతి లోపు పిల్లలకైతే చూడొచ్చు.

మొత్తం ఖర్చు చెప్తున్న, బ్యాటరీలు, కీబోర్డ్, ర్యామ్ అన్నీ కలుపుకుంటే 31,200. మా ఇంటామె అప్పుడే అన్నది, పాతది కొంటే కొత్త దాని రేటు పడుతదని. పడ్డది నిజమే, కానీ తోడల్లుడు ఇప్పుడు రెండోది కొన్నడు.

పోయిన నెల మా పక్కింటాయన బిడ్డకి తీస్కోవాలె అంటే తోడుగా మల్ల సీటీసీకే పోయిన. ఒక షాపులో లాప్‌టాప్ ముందల పెట్టంగనే నేను పక్కకి తిప్పి చూసిన, మూత వంచి చూసిన, ఎఫ్1 కొట్టి బయోస్‌లకి పోయిన, బ్యాటరీ రిపోర్ట్ తీసి లెక్క చదువుతున్న. కౌంటర్ కాడి పిల్లగాడు ఓపికగా చూసి చూసి, సార్ మీరు కొననీకి వచ్చిన్రా, ఆడిట్‌కి వచ్చిన్రా అన్నడు. వెయ్యి తగ్గించిండు లెండి.